అబట్స్‌ఫర్డ్ తొలి వలస కూలీల చరిత్ర: ముందు ఒక మిల్లును పట్టుకోండి

మీరు అడిగింది ఇదీ: కెనడాలోని అబట్స్‌ఫర్డ్‌కి వచ్చి మూడేళ్లయింది, ఊళ్లో పాత గురుద్వారా చూశాక వందేళ్ల కిందట ఇక్కడికొచ్చిన భారతీయులు, చైనీయులు, జపనీయుల గురించి మన పిల్లల కోసం తెలుగులో చిన్న పుస్తకం రాయాలనిపించింది, ఎంత వెతికినా కొమగాటా మారు ఓడ గొడవ తప్ప ఇంకేమీ తగలడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి, వాళ్లలో మన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

నేనూ చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు. నా వృత్తి లెక్కలు. బ్రిటిష్ కొలంబియాలో ఇరవై ఏళ్లుగా సెలవు రోజుల్లో ఈ పాత కాగితాలు తిరగేయడం నాకో వ్యసనం. కాబట్టి నాకు తెలిసిన దారి చెబుతాను, పండితుల దారి వేరే ఉండొచ్చు.

మొదట, ‘కెనడాలో ఆసియా వలసలు’ అనే పెద్ద మాటను కొన్నాళ్లు పక్కన పెట్టండి. దాంతో వెతికితే ఎవరికైనా అవే పది వాక్యాలు దొరుకుతాయి. ఒక మిల్లునో, ఒక వీధినో, చేపల్ని డబ్బాల్లో నింపే ఒక క్యానరీనో పట్టుకోండి. మీ ఊరికైతే మిల్లు సిద్ధంగానే ఉంది. ఇప్పుడు జనం వాకింగ్ చేసే మిల్ లేక్ ఒడ్డునే అబట్స్‌ఫర్డ్ లంబర్ కంపెనీ సామిల్లు ఉండేది. ట్రెథ్యూయీ కుటుంబానిది. మీరు చూసిన గురుద్వారా కలప ఆ మిల్లుదే. అక్కడ పనిచేసే సిక్కులు ఆ దూలాలనీ పలకలనీ భుజాల మీద మోసుకుంటూ గుట్ట మీదికి చేర్చారు. 1911లో కట్టి, 1912లో తెరిచారు. 2002లో కెనడా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. అంటే మిల్లు, గుడి, వాటి మధ్య దారి, ఈ మూడూ మీ ఇంటికి దగ్గర్లోనే ఉన్నాయి. ఆ మిల్లులో జీతం తీసుకున్నవాళ్లు ఎవరు, ఎక్కడ పడుకున్నారు, ఎవరు వండిపెట్టారు, ఎక్కడ చచ్చిపోయారు అని అడగడం మొదలుపెడితే తీగ లాగినట్టు డొంకంతా కదులుతుంది. చైనా వంటవాళ్లూ, జపాన్ కూలీలూ వాళ్లంతట వాళ్లే కథలోకి వస్తారు.

ఇక కాగితాల సంగతి. ఇక్కడ ఒక చేదు నిజం ముందే తెలుసుకోవాలి. మన ఊళ్లలో కరణం లెక్కల్లో ఎవరి పేరుంటుంది? శిస్తు కట్టేవాడి పేరు. కౌలుకి చేసేవాడు, పాలేరు, వాళ్ల ఆడవాళ్లు ఆ పుస్తకంలో కనపడరు. కెనడాలోనూ అంతే. ఎవర్ని ఎంతగా వేధించారో వాళ్ల కాగితాలు అంత పక్కాగా ఉన్నాయి.

చైనీయుల్నే తీసుకోండి. 1858లో ఫ్రేజర్ నది బంగారం కోసం కాలిఫోర్నియా నుంచి వచ్చారు. 1881 నుంచి 1885 దాకా కెనడియన్ పసిఫిక్ రైలుమార్గం వేయడానికి వేలల్లో వచ్చారు. రైలు పూర్తయిన ఏడాదే, 1885లోనే, వాళ్ల మీద తలపన్ను వేశారు. మనిషికి 50 డాలర్లు. 1900లో 100 చేశారు, 1903లో 500. అప్పటి కూలీకి అది రెండేళ్ల సంపాదన. పన్ను వసూలు చేయాలంటే లెక్క రాయాలి కదా. అందుకే ప్రతి మనిషికీ ఒక వరుస: పేరు, వయసు, పుట్టిన ఊరు, వృత్తి, ఎక్కి వచ్చిన ఓడ, ఎత్తు, ముఖం మీద మచ్చ, కట్టిన డబ్బు. 1885 నుంచి 1949 దాకా ఆ రిజిస్టర్లు లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఉన్నాయి, వాళ్ల వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. 1923 జూలై 1న చైనీయుల రాకనే దాదాపు ఆపేస్తూ చట్టం చేసి, అప్పటికే దేశంలో ఉన్నవాళ్లందరూ మళ్లీ నమోదు చేయించుకోవాలన్నారు. కెనడాలో పుట్టిన పిల్లలు కూడా. ఆ చట్టం 1947 దాకా నడిచింది. అదంతా దుర్మార్గమే. కానీ ఇవాళ ఒక చైనా కుటుంబం తాత పుట్టిన పల్లె పేరు తెలుసుకోవాలంటే ఆ రిజిస్టరే దిక్కు.

జపనీయుల కాగితాలది ఇంకో రకం. 1942లో పసిఫిక్ తీరం నుంచి సుమారు 22,000 మందిని తరలించి స్లోకన్, న్యూ డెన్వర్, కాస్లో, గ్రీన్‌వుడ్, టాష్మీ లాంటి చోట్లకి పంపేశారు. వాళ్ల ఇళ్లూ పొలాలూ పడవలూ ‘శత్రువుల ఆస్తుల సంరక్షకుడు’ అనే ప్రభుత్వ అధికారి చేతిలో పెట్టి అమ్మేశారు. యుద్ధం ముగిశాక కూడా 1949 ఏప్రిల్ 1 దాకా తీరానికి తిరిగి రానివ్వలేదు. ఆ ఆస్తుల ఫైళ్లలో కుటుంబానికి కుటుంబం వివరాలున్నాయి. కుట్టుమిషన్, పిల్లల మంచం, కోళ్ల గూడు, పెరట్లో స్ట్రాబెర్రీ మొక్కలు. విక్టోరియా యూనివర్సిటీ నడిపిన ల్యాండ్‌స్కేప్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్ అనే పరిశోధన ప్రాజెక్టు వాటిలో చాలావాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది. నేను మొదటిసారి చదివినప్పుడు ఓ గంట చదివి కంప్యూటర్ మూసేసి బయటికెళ్లిపోయాను. ఒక ఇల్లు ఎలా ఉండేదో అంత వివరంగా తెలిసేది ఆ ఇల్లు లాక్కున్నాకనే.

మరి మనవాళ్లు? వాళ్లకి తలపన్ను లేదు. బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలు కాబట్టి పేరు పెట్టి ఆపడం కుదరలేదు. అందుకని 1908 జనవరిలో ‘పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా ప్రయాణం చేసి రావాలి’ అని ఒక నిబంధన పెట్టారు. భారత్ నుంచి నేరుగా వచ్చే ఓడే లేదు. దాంతో 1907-08లో 2,623 మంది వస్తే మరుసటి ఏడాది వచ్చింది 6 మంది. తలుపు వేసేశారు కాబట్టి రిజిస్టరూ లేదు. అందుకే భారతీయుల చరిత్ర వెతకడం మిగతా ఇద్దరికంటే కష్టం. మీకు కొమగాటా మారు ఒక్కటే కనపడడానికి కారణం కూడా ఇదే. 1914 మే 23 నుంచి జూలై 23 దాకా 376 మంది ప్రయాణికులతో వచ్చిన ఆ ఓడని వాంకూవర్ రేవులో నిలబెట్టిన గొడవ కాబట్టి టన్నుల కొద్దీ కాగితాలు పుట్టాయి. రోజూ పొద్దున్నే లేచి మిల్లుకెళ్లినవాడి గురించి ఎవరూ ఫైలు తెరవలేదు.

అలాంటివాణ్ని పట్టుకోవడానికి నాలుగైదు చోట్ల గాలం వేయాలి. మొదటిది జనగణన. 1911, 1921, 1931 మూడూ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 92 ఏళ్లు నిండాకే బయటపెడతారు కాబట్టి 1931ది 2023 జూన్‌లోనే వచ్చింది, ఇంకా చాలామంది తవ్వలేదు. ఒక హెచ్చరిక: జనగణనలో ‘అబట్స్‌ఫర్డ్’ అని కొడితే సగమే వస్తుంది. ఇప్పటి మీ ఊరు అప్పట్లో మూడు ముక్కలు. మాట్‌స్క్వీ, సూమాస్ వేరే మునిసిపాలిటీలు. అబట్స్‌ఫర్డ్ 1924లోగానీ గ్రామ పంచాయతీ హోదా కూడా తెచ్చుకోలేదు. ఆ రెండు పేర్లతోనూ వెతకండి. మిల్లు కూలీలు ఒక్కో బంక్‌హౌస్‌కి, అంటే కూలీలంతా కలిసి పడుకునే వసతికి, ఒక కుటుంబంలాగా వరసగా ఉంటారు. పేర్లన్నీ మగవాళ్లవే. భార్యాపిల్లల్ని తెచ్చుకోవడానికి 1919 దాకా మనవాళ్లకి అనుమతే లేదు. అందుకే పెళ్లిళ్ల రికార్డుల్లో మనవాళ్లు దాదాపు కనిపించరు. చావుల రికార్డుల్లో కనిపిస్తారు.

పేర్ల దగ్గర అందరూ బోల్తా పడతారు. నేనూ పడ్డాను. మొదట్లో ఒక చిన్న ఊరి 1911 జనగణన తీసి ‘సింగ్’ అని రాసున్న పేర్లన్నీ సిక్కుల ఖాతాలో వేసి, ఊళ్లో ఎంతమంది సిక్కులుండేవాళ్లో గొప్పగా ఒక వ్యాసం రాసేశాను. స్థానిక చరిత్ర సంఘం సమావేశంలో చదివి వినిపించాక ఒక చైనా పెద్దావిడ నెమ్మదిగా వచ్చి, “అందులో లాండ్రీ నడిపే నలుగురూ మావాళ్లేమో, ఒకసారి పుట్టిన దేశం గడి చూడండి” అంది. చూస్తే నిజమే. చైనా పేర్లలోనూ ‘సింగ్’ ఉంటుంది, గుమాస్తా రెండింటినీ ఒకేలా రాశాడు. సిక్కు పేర్లలోనేమో ‘సింగ్’ చివర అక్షరం ఎగిరిపోయి ఉంటుంది. ఆ రోజు నుంచి పేరు ఒక్కటే చూసి ఏదీ నమ్మను. పుట్టిన దేశం, మతం, వృత్తి, పక్కింటివాళ్లు, ఈ నాలుగూ కలిస్తేనే ఖాయం చేస్తాను.

చైనీయుల్లో ‘ఆ’ అని మొదలయ్యే పేర్లు బోలెడు కనపడతాయి: ఆ లీ, ఆ చోంగ్. అది ఇంటిపేరు కాదు, కాంటనీస్‌లో చనువుగా పిలవడానికి ముందు తగిలించే మాట. గుమాస్తా దాన్నే ఇంటిపేరు అనుకున్నాడు. పైగా వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి ఫారాల్లో ఇంటిపేరూ అసలు పేరూ తిరగబడి, పిల్లల స్కూల్లోనూ ఆసుపత్రిలోనూ వేర్వేరు పేర్లతో నమోదై తంటాలు పడ్డ తెలుగువాళ్లకి ఇది నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. వందేళ్ల కిందట వాళ్లకి ఆ పేరు సరిదిద్దుకునే అవకాశం లేదు, అంతే తేడా. కొందరి మనవలు ఇవాళ్టికీ గుమాస్తా రాసిన తప్పు పేరునే ఇంటిపేరుగా మోస్తున్నారు.

ఇంకోటి, వెతికేటప్పుడు మీకు నచ్చని మాటలు కూడా కొట్టాలి. ఆ రోజుల్లో సిక్కయినా ముస్లిమయినా భారతీయుడైతే చాలు, ‘హిందూ’ అనే రాసేవాళ్లు, అదీ చివర రెండు ఓ అక్షరాలతో. చైనీయుల్నీ జపనీయుల్నీ ఇవాళ నోటితో అనకూడని పేర్లతో రాశారు. పాత పత్రికల్లో మర్యాదగా వెతికితే మర్యాదగా ఖాళీ పేజీ వస్తుంది.

పత్రికలంటే గుర్తొచ్చింది. విక్టోరియా నుంచి వచ్చిన బ్రిటిష్ కొలనిస్ట్ 1858 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. చిన్న ఊళ్ల పత్రికలు బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ (యూబీసీ) లైబ్రరీ సైట్లో ఉన్నాయి. వీటిలో మనవాళ్లు దొరికేది సాధారణంగా మూడు సందర్భాల్లో: ప్రమాదం, కోర్టు కేసు, లేదా ‘వీళ్లని పంపించేయాలి’ అన్న సంపాదకీయం. 1907 సెప్టెంబర్ 7న వాంకూవర్‌లో చైనా టౌన్, జపాన్ వీధి మీద గుంపు పడి అద్దాలు పగలగొట్టిన గొడవకి ముందు నెలల పత్రికలు చదవండి, నెమ్మదిగా ఎలా ఉడికిందో తెలుస్తుంది. కానీ ఇవన్నీ తెల్లవాళ్ల కళ్లతో రాసినవి. చైనీయులకి సొంత దినపత్రిక ఉండేది. వాంకూవర్ నుంచి వచ్చిన చైనీస్ టైమ్స్ 1914 నుంచి 1992 దాకా నడిచింది. జపనీయులకి తైరికు నిప్పో ఉండేది, 1907 నుంచి 1941 దాకా. రెండూ స్కాన్ చేసి పెట్టారు. భాష రాకపోతే ఆ భాష వచ్చిన స్నేహితుణ్ని వెతుక్కోండి. వాళ్ల పత్రికల్లో ఎవరి షాపు తెరిచారు, ఎవరు విరాళమిచ్చారు, ఎవరి ఉత్తరం పోస్టాఫీసులో పడుంది, ఇలాంటివి కూడా ఉంటాయి. నాకైతే ఊరంటే అదే.

ఓటర్ల జాబితాలో మాత్రం వెతికి టైం వేస్ట్ చేసుకోకండి. ఈ రాష్ట్రం చైనీయులకి 1870ల్లోనే ఓటు తీసేసింది, జపనీయులకి 1895లో, భారతీయులకి 1907లో. చైనీయులకీ భారతీయులకీ 1947లోగానీ తిరిగి రాలేదు, జపనీయులకి అంతకన్నా ఇంకో రెండేళ్లు పట్టింది. ఓటర్ల జాబితాలో పేరు లేనివాడు లాయరు కాలేడు, ఫార్మసిస్టు కాలేడు. కాబట్టి ఒక ఊరి జాబితాలో ఆసియా పేర్లు లేవంటే ఊళ్లో మనుషులు లేరని కాదు. నగర డైరెక్టరీలు కొంచెం నయం. వాంకూవర్ పబ్లిక్ లైబ్రరీ 1860 నుంచి 1955 దాకా రాష్ట్రం మొత్తానివీ ఆన్‌లైన్‌లో పెట్టింది. అయితే వాటిలోనూ చాలా ఇళ్ల దగ్గర పేరుండదు, ‘చైనీస్’ అనో ‘జపనీస్’ అనో ఒక్క ముక్క ఉంటుంది. అది కూడా ఆధారమే. ఆ ఇంటి నంబరు పట్టుకుని అగ్నిబీమా మ్యాపుల్లో చూడండి. బీమా కంపెనీల కోసం ఇల్లు ఇల్లూ గీసిన మ్యాపులు అవి, మన పొలాల సర్వే కొలతల పుస్తకం ఎఫ్ఎంబీ కంటే వివరంగా ఉంటాయి. ఏ గోడ చెక్కది, ఏది ఇటుకది అనేదాకా. మీ ఊరివి ఉన్నాయా అని అక్కడి ద రీచ్ మ్యూజియంలో అడగండి. పాత ఫొటోలు కూడా అక్కడే ఉన్నాయి.

మరణ నమోదు పత్రాల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఎక్కువ ఇచ్చినవి అవే. బ్రిటిష్ కొలంబియా ఆర్కైవ్స్ సైట్లో 20 ఏళ్లు దాటిన మరణాలు ఉచితంగా చూడొచ్చు, చాలావాటికి అసలు కాగితం ఫొటో కూడా ఉంటుంది. అందులో వయసు, వృత్తి, ఈ రాష్ట్రంలో ఎన్నాళ్లుగా ఉన్నాడు, చావుకి కారణం, ఎక్కడ పూడ్చారు లేదా కాల్చారు, సమాచారం ఇచ్చింది ఎవరు అని ఉంటాయి. తండ్రి పేరు దగ్గర ‘తెలియదు’ అని ఎన్ని కాగితాల్లో చూశానో. సమాచారం ఇచ్చినవాడి గడి మాత్రం వదలొద్దు. అక్కడ అంత్యక్రియల కంపెనీ పేరుంటే ఆ మనిషికి ఇక్కడ ఎవరూ లేరన్నమాట. తోటి కూలీ పేరుంటే, ఆ పేరుతో మళ్లీ వెతకండి, రెండో మనిషి దొరుకుతాడు. అలా ఒకరి నుంచి ఒకరికి వెళుతూ ఒక బంక్‌హౌస్‌లో ఉన్న పదకొండు మందిని పట్టుకున్నాను నేను. మిల్లు ప్రమాదమైతే కరోనర్ (చావుకి కారణం తేల్చే అధికారి) విచారణ కూడా జరిగి ఉంటుంది. అందులో సాక్షులు చెప్పిన మాటలుంటాయి, దుబాసీ ద్వారా అయినా సరే, మనవాళ్ల గొంతు వినపడే చోటు అదొక్కటే.

శ్మశానాలకి వెళ్లండి. విక్టోరియా దగ్గర హార్లింగ్ పాయింట్‌లో చైనీయుల శ్మశానం సముద్రపు ఒడ్డున ఉంది. అంతకుముందు రాస్ బే శ్మశానంలో వాళ్లకి పల్లపు మూల ఇచ్చారు, తుపాన్లకి సమాధులు కొట్టుకుపోతుంటే 1903లో వాళ్లే చందాలేసుకుని ఈ స్థలం కొనుక్కున్నారు. ఏడేళ్ల తర్వాత ఎముకలు తీసి, కడిగి, పెట్టెల్లో పెట్టి స్వదేశానికి పంపేవాళ్లు. 1937లో చైనాలో యుద్ధం రావడంతో ఓడలు ఆగిపోయాయి, మిగిలిపోయిన పెట్టెల్ని 1961లో అక్కడే పూడ్చారు. గంగలో అస్థికలు కలిపే మనకి ఇది వెంటనే అర్థమవుతుంది. మీ పుస్తకంలో పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి.

గురుద్వారా పెద్దల దగ్గరికి వెళ్లేటప్పుడు రికార్డర్ జేబులోంచి తీయకండి. మొదటి రెండుసార్లు అందరికీ ఉచితంగా పెట్టే లంగర్‌లో భోంచేసి, గిన్నెలు కడిగి వచ్చేయండి. మూడోసారి వాళ్లే ఇంట్లో ఉన్న ఫొటో తెస్తారు. ఫొటో వెనక రాసింది గుర్ముఖి అయినా ఉర్దూ అయినా, వెనక వైపు కూడా ఫొటో తీసుకోవడం మర్చిపోవద్దు. ఆ గురుద్వారాలోనే సిక్కు హెరిటేజ్ మ్యూజియం ఉంది, మీ ఊరి ఫ్రేజర్ వ్యాలీ యూనివర్సిటీలో సౌత్ ఏషియన్ స్టడీస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాళ్లు ఇలాంటి కుటుంబ కాగితాల్ని డిజిటల్‌గా భద్రపరుస్తున్నారు. చైనా కుటుంబాల దగ్గర మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1923 చట్టం వల్ల చాలామంది వేరేవాళ్ల కొడుకుగా కాగితం కొనుక్కుని, ఆ పేరుతోనే బతికారు. 1960లో ప్రభుత్వం శిక్ష లేకుండా అసలు పేరు చెప్పుకోమని అవకాశమిచ్చినా, అందరూ చెప్పుకోలేదు. మీకు దొరికిన రిజిస్టరు వరుస ఒక ఇంట్లో అరవై ఏళ్లుగా దాచిన గుట్టు కావచ్చు. ముందు ఇంటివాళ్లకి చూపించి, వాళ్లు సరేనన్నాకే అచ్చు వేయండి.

ఇక తెలుగువాళ్లు. మీరు ఆశపడుతున్నారని తెలుసు కానీ, 1904 నుంచి 1908 మధ్య ఇక్కడికొచ్చిన అయిదు వేల మందీ దాదాపుగా పంజాబీలే. వాళ్లలో తెలుగువాళ్లని బలవంతాన ఇరికించొద్దు. దగ్గరి లింకు ఒకటి సరిహద్దు అవతల ఉంది: కనిగిరి ప్రాంతానికి చెందిన దరిశి చెంచయ్య 1912లో అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలో చదువుకుంటూ, బ్రిటిష్ పాలన మీద తిరగబడిన గదర్ పార్టీలో పనిచేశారు. ఆ పార్టీ పత్రిక శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాంకూవర్ మిల్లుల దాకా చేరేది. ఆయన తెలుగులో ఆత్మకథ రాశారు. కాబట్టి ఆ పంజాబీ కూలీల ఉద్యమాన్ని లోపలి నుంచి చూసిన తెలుగు మనిషి మాటలు మీకు తెలుగులోనే దొరుకుతాయి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ సైట్లో గదర్ మీద బ్రిటిష్ పోలీసు ఫైళ్లు కూడా చూడొచ్చు.

రెండో లింకు ఎవరూ పట్టించుకోరు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా మన కోస్తా, ఉత్తరార్కాడు జిల్లాల కూలీలు చెరకు తోటల కోసం ఫిజీకి వెళ్లారు. వాళ్ల మునిమనవలు చాలామంది, ముఖ్యంగా 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగాక, వాంకూవర్, సర్రీలకి వచ్చేశారు. సర్రీలో నాయుడు, రెడ్డి అన్న పేరున్న మనిషి తెలుగు రాకుండా ఫిజీ హిందీ మాట్లాడుతుంటే ఆశ్చర్యపోకండి, కూర్చోబెట్టి టీ ఇచ్చి వాళ్ల ముత్తాత ఎమిగ్రేషన్ పాస్ ఉందా అని అడగండి. ఆ పాసులో తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, పల్లెతో సహా ఉంటుంది. కరణం లెక్క లాంటిదే అదీ. ఒకసారి అలాంటి పాసులో విశాఖ జిల్లా పల్లె పేరు చదివి వినిపిస్తే, ఒక పెద్దాయన ఆ పేరుని నాలుగుసార్లు నా చేత పలికించుకున్నారు. ఇంట్లో తరతరాలుగా వాళ్లు పలుకుతున్నది వేరేలా ఉంది మరి.

ఈ శనివారం మిల్ లేక్ నుంచి గురుద్వారా దాకా నడిచి చూడండి. ఒక దూలం మోస్తూ ఆ ఎత్తు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. తర్వాత 1911 జనగణనలో మాట్‌స్క్వీ పేజీలు తీయండి. చేతిరాత అర్థంకాని పేరు తగిలితే పేజీ నంబరు, వరుస నంబరు ఇక్కడ రాయండి, కలిసి చదువుదాం.